జన్యు సమాచారం - బీమా చట్టం

ఒక వ్యక్తి జన్యువుల నుండి తెలిసే వివరాలను, వేలిముద్రలు, కంటిపాప, ముఖం వంటి బయోమెట్రిక్ గుర్తులను బీమా సంస్థలు ఎంతవరకు అడగవచ్చును, ఎంతవరకు వాడుకొనవచ్చును, వాటిని కృత్రిమ మేధకు అప్పగించి ప్రీమియం నిర్ణయించడం గాని క్లెయిము తిరస్కరించడం గాని చేయవచ్చునా అనే ప్రశ్నలు బీమా చట్టంలో ఇటీవలి దశాబ్దాలలో తలెత్తినవి. ఇందులో రెండు న్యాయాలు ఎదురుపడతాయి. తనకు తెలిసినదంతా చెప్పి తీరవలెనని బీమా చట్టం పాలసీదారును అడుగుతుంది. తన శరీరానికి సంబంధించిన రహస్యం తనదేనని గోప్యత హక్కు చెబుతుంది. భారతదేశంలో ఈ విషయమై ప్రత్యేక చట్టం ఏదీ లేదు. ఉన్నవి కొన్ని కోర్టు తీర్పులు, బీమా నియంత్రణ సంస్థ ఆదేశాలు, వేరే అవసరాల కోసం చేసిన కొన్ని చట్టాలలోని సెక్షన్లు మాత్రమే.

బీమా ఒప్పందంలో సమాచారం

సాధారణ కొనుగోలులో అమ్మేవాడు అడగని విషయాన్ని కొనేవాడు చెప్పనవసరం లేదు. బీమా అలా కాదు. ముప్పు ఎంత ఉన్నదో తెలిసినవాడు పాలసీ తీసుకునేవాడే కాబట్టి, అతడు ముఖ్య విషయాలన్నీ తనంతట తానే వెల్లడించవలెనని న్యాయసూత్రం. దీనిని పరమ విశ్వాస సూత్రం అంటారు. 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన కార్టర్ - బోహ్మ్ తీర్పును దీనికి మూలంగా చెబుతారు. సుమత్రా దీవిలోని ఈస్టిండియా కంపెనీ కోట ఫోర్ట్ మార్ల్‌బరోను శత్రువులు పట్టుకుంటే పరిహారం ఇచ్చేలా ఆ కోట గవర్నరు జార్జ్ కార్టర్ బీమా తీసుకున్నాడు. 1760లో ఫ్రెంచివారు కోటను పట్టుకున్నారు. కోట బలహీనంగా ఉన్న సంగతి దాచాడని బీమాదారు వాదించగా, లండనులో కూర్చున్నవాడు కూడా తెలుసుకోగల విషయాన్ని ప్రత్యేకంగా చెప్పనక్కర లేదని కోర్టు కార్టరు పక్షాన తీర్పు ఇచ్చినది. పాఠ్యపుస్తకాలలో ఈ తీర్పు పాలసీదారు బాధ్యతకు ఉదాహరణగానే కనబడుతుంది. నిజానికి గెలిచినది పాలసీదారే. విచారించి తెలుసుకోవలసిన బాధ్యత బీమాదారుకూ ఉన్నదన్నది ఆ తీర్పులోని రెండో సగం.

భారతదేశంలో జీవిత బీమాకు సంబంధించి 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్ ముఖ్యమైనది. పాత సెక్షన్ ప్రకారం రెండేళ్ళు గడిచిన పాలసీని తప్పుడు సమాచారం కారణంగా ప్రశ్నించాలంటే, పాలసీదారు తెలిసి మోసం చేశాడని సంస్థ నిరూపించవలసి ఉండేది. 2015లో చేసిన సవరణతో ఈ గడువు మూడేళ్ళు అయినది, ఆ మూడేళ్ళు దాటితే ఏ కారణం మీదా పాలసీని ప్రశ్నించే వీలు లేదు. ఆరోగ్య బీమాలో ఇటువంటి గడువు మొదట ఎనిమిదేళ్ళుగా ఉండి, 2024లో అయిదేళ్ళకు తగ్గినది. ఇక్కడ మాత్రం రుజువైన మోసానికి మినహాయింపు ఉన్నది. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన గరిష్ఠ కాలాన్ని కూడా అదే సంవత్సరం నాలుగేళ్ళ నుండి మూడేళ్ళకు తగ్గించారు.

బీమా సంస్థల వాదనకు ఆధారం "ప్రతికూల ఎంపిక" అనే ఆర్థికశాస్త్ర భావన. తనకు జబ్బు వస్తుందని పరీక్ష ద్వారా తెలిసినవాడు పెద్ద మొత్తానికి పాలసీ తీసుకుంటాడు. సంస్థకు ఆ సంగతి తెలియదు కనుక అందరి దగ్గరా ఒకే ప్రీమియం తీసుకుంటుంది. క్లెయిములు పెరుగుతాయి, ప్రీమియం పెరుగుతుంది, ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. వాదన తర్కబద్ధమైనదే. అయితే ఇది ఎంత జరుగుతుందన్నది బీమా రకాన్ని బట్టి ఉంటుంది. ఎంత మొత్తానికైనా తీసుకోగల జీవిత బీమాలో ఈ భయం ఎక్కువ, ఆసుపత్రి ఖర్చు మేరకే చెల్లించే ఆరోగ్య బీమాలో తక్కువ. అనేక దేశాల చట్టాలు ఈ రెండింటినీ వేరు వేరుగా చూడడానికి కారణం ఇదే.

జన్యు పరీక్ష ఏమి చెబుతుంది

జన్యు పరీక్షలు అన్నీ ఒకే రకం కావు. ఇప్పటికే లక్షణాలు ఉన్న రోగికి ఏ జబ్బు ఉన్నదో నిర్ధారించడానికి చేసేవి కొన్ని. ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతునికి మున్ముందు ఏమి రావచ్చునో చెప్పేవి మరి కొన్ని. చట్టపరమైన వివాదమంతా ప్రధానంగా ఈ రెండో రకం గురించి.

రెండో రకంలోనూ తేడాలు ఉన్నవి. హంటింగ్టన్ వ్యాధిలో ఒక జన్యువులో మూడక్షరాల వరుస 40 లేక అంతకు మించిన సార్లు పునరావృతమైతే, ఆ మనిషి సాధారణ ఆయుర్దాయం జీవించినపుడు జబ్బు దాదాపు తప్పక వస్తుంది. 36 నుండి 39 వరకు ఉంటే రావచ్చును, రాకపోవచ్చును. రొమ్ము క్యాన్సరుకు సంబంధించిన బీఆర్‌సీఏ1 జన్యువులో హానికర మార్పు ఉన్న స్త్రీలలో సగానికి పైగా జీవితకాలంలో ఆ జబ్బు పాలబడతారు, మిగిలినవారికి రాదు. మధుమేహం, రక్తపోటు వంటి వాటిలో వందలాది జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు, తిండి, పని, వయసు కలగలిసి ఉంటాయి. వీటన్నింటినీ "జన్యు వ్యాధి" అనే ఒకే మాట కింద చేర్చితే ఏమవుతుందో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు చూపినది.

ఆ కేసులోని జబ్బుకు హైదరాబాదులో జరిగిన పరిశోధనతో సంబంధం ఉన్నది. గుండె కండరం అసహజంగా మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతికి ఎంవైబీపీసీ3 అనే జన్యువులోని మార్పులు ఒక ముఖ్య కారణం. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం, ఇతర దేశాల పరిశోధకులతో కలిసి 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, ఈ జన్యువు నుండి 25 అక్షరాల ముక్క లోపించిన రూపం భారత ఉపఖండ జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉన్నదని, వారికి గుండె వైఫల్యం ముప్పు ఎక్కువ అని తెలిపారు. ఈ మార్పు ఉన్నవారు నడివయసు వరకు ఏ ఇబ్బందీ లేకుండా ఉండడం మామూలే. దీనిని కలిగి ఉన్నవారందరికీ ముప్పు ఒకే స్థాయిలో ఉండదని తరువాతి పరిశోధనలు సూచించినవి. ప్రతి వందమందిలో నలుగురికి ఉన్న ఒక మార్పును "జన్యు లోపం" అని పాలసీ నుండి మినహాయిస్తే అది కొద్దిమందికి సంబంధించిన అరుదైన సమస్యగా మిగలదు. కోట్ల మంది ఆ మినహాయింపు కిందికి వస్తారు.

ఢిల్లీ హైకోర్టు తీర్పు

యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీ నుండి ఆరోగ్య బీమా తీసుకున్న ఒక పాలసీదారుకు హైపర్‌ట్రోఫిక్ అబ్‌స్ట్రక్టివ్ కార్డియోమయోపతి ఉన్నది. ఇదే జబ్బుకు అంతకు ముందు చేసిన క్లెయిములను కంపెనీ చెల్లించినది. 2011లో ఆయన మరల ఆసుపత్రిలో చేరి క్లెయిము పెట్టినపుడు, ఇది జన్యు సంబంధమైన వ్యాధి, పాలసీలో జన్యు వ్యాధులకు మినహాయింపు ఉన్నది అని తిరస్కరించినది. ఆయన సివిల్ కోర్టుకు వెళ్ళి గెలిచాడు. కంపెనీ హైకోర్టులో అప్పీలు చేసినది.

2018 ఫిబ్రవరి 26న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఇచ్చిన తీర్పు భారతదేశంలో ఈ విషయంపై ఇప్పటికీ మొదట చెప్పుకోవలసినది. "జన్యు వ్యాధులు" అనే మినహాయింపు మరీ విస్తృతంగా, అస్పష్టంగా ఉన్నదని కోర్టు అన్నది. గుండె జబ్బులు, మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ వ్యాధులలోనూ వంశపారంపర్య అంశం ఉంటుంది కాబట్టి, ఆ నిబంధనను అక్షరాలా అన్వయిస్తే ఆరోగ్య బీమాకు అర్థమే ఉండదు. జన్యు వారసత్వాన్ని బట్టి వివక్ష చూపడం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని, ఆరోగ్య హక్కు, ఆరోగ్య సంరక్షణ హక్కు 21వ అధికరణంలో భాగమని, ఆరోగ్య బీమా దానికి ఒక సాధనమని కోర్టు వివరించినది. బీమా సంస్థలు ముప్పును బట్టి తేడాలు చూపరాదని కోర్టు చెప్పలేదు. ఆ తేడాకు సహేతుకమైన, అర్థం చేసుకోగల ఆధారం ఉండవలెనన్నది. ఇటువంటి మినహాయింపులను పునఃపరిశీలించమని బీమా నియంత్రణ సంస్థను ఆదేశించినది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చును. బీమా అనేది ఇరుపక్షాలు చేసుకున్న ఒప్పందం కదా, దానికి సమానత్వ హక్కుతో పనేమిటి? ఆ దారిని సుప్రీంకోర్టు 1995లోనే వేసినది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో, ఒక చవక టర్మ్ పాలసీని ప్రభుత్వ, పెద్ద సంస్థల ఉద్యోగులకే పరిమితం చేసిన జీవిత బీమా సంస్థ షరతును కొట్టివేస్తూ, ప్రభుత్వ రంగ సంస్థ పాలసీ షరతులు న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరవలెనని చెప్పినది. యునైటెడ్ ఇండియా కూడా ప్రభుత్వ రంగ సంస్థే. పూర్తిగా ప్రైవేటు సంస్థలకు ఈ తర్కం నేరుగా వర్తించదు; వాటి విషయంలో నియంత్రణ సంస్థ ఆదేశాలే అడ్డుకట్ట.

ఈ తీర్పుపై కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2018లో తీర్పులోని విస్తృత అంశంపై స్టే లభించినది. ఈలోగా నియంత్రణ సంస్థ కదిలినది.

నియంత్రణ సంస్థ ఆదేశాలు

హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా ఉన్న భారత బీమా నియంత్రణ అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2018 మార్చి 19న అన్ని సంస్థలకు ఒక ఆదేశం పంపినది. జన్యు వ్యాధుల మినహాయింపును చూపి ఏ ఆరోగ్య క్లెయిమునూ తిరస్కరించరాదని, కొత్త పాలసీలలో అటువంటి నిబంధన చేర్చరాదని దాని సారాంశం. 2019 సెప్టెంబరులో మినహాయింపులను ప్రామాణీకరిస్తూ ఇచ్చిన మార్గదర్శకాలలో, పాలసీలో ఉంచకూడని మినహాయింపుల జాబితాలో జన్యు వ్యాధులు, శరీరం లోపలి పుట్టుక లోపాలు, మానసిక వ్యాధులు చేరినవి.

దీనితో పని పూర్తి అయినదనుకోవడం పొరపాటు. పై ఆదేశాలు క్లెయిము వచ్చిన తరువాతి దశకు, పాలసీ మాటలకు సంబంధించినవి. పాలసీ ఇవ్వక ముందు, ప్రతిపాదన పత్రం నింపే దశలో, "మీకు జన్యు పరీక్ష జరిగినదా, ఫలితం ఏమిటి" అని అడగరాదని చెప్పే పార్లమెంటు చట్టం లేదు. ఆ జవాబును బట్టి ప్రీమియం పెంచరాదనే చట్టమూ లేదు. జీవిత బీమా, తీవ్ర వ్యాధుల పాలసీల విషయంలో ఈ ఖాళీ మరింత పెద్దది. "మీ తల్లిదండ్రులకు, తోబుట్టువులకు గుండె జబ్బు, క్యాన్సరు ఉన్నదా" అనే పాత ప్రశ్న కూడా ఒక విధంగా జన్యు ప్రశ్నే. దానిని ఎవరూ అభ్యంతర పెట్టడం లేదు.

ప్రత్యేక చట్టం అసాధ్యమేమీ కాదని చూపే ఉదాహరణలు మన దేశంలోనే రెండు ఉన్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక జబ్బులకు ఇచ్చే పద్ధతిలోనే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వవలెనని నిర్దేశించినది. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, బీమా గణాంక అధ్యయనాల ఆధారం ఉంటే తప్ప హెచ్ఐవీ ఉన్నవారికి బీమా నిరాకరించరాదన్నది. వివక్షను నిషేధిస్తూనే, గణాంకాలు చూపగలిగితే తేడాకు అవకాశం ఇచ్చే ఈ రెండో పద్ధతి జన్యు సమాచారానికి పనికి వస్తుందా అన్నది చర్చనీయాంశం.

వెల్లడి చేసిన విషయం గురించి సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 6న ఇచ్చిన తీర్పు కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. మధుమేహం ఉన్నట్లు ముందే చెప్పి విదేశీ ప్రయాణ వైద్య పాలసీ తీసుకున్న వ్యక్తికి అమెరికాలో గుండెపోటు రాగా సంస్థ క్లెయిము నిరాకరించినది. పాలసీదారు చెప్పిన ఆరోగ్య స్థితిని పరిశీలించి పాలసీ ఇచ్చిన తరువాత, అదే స్థితిని కారణంగా చూపి తిరస్కరించడం చెల్లదని కోర్టు అన్నది. జన్యు పరీక్ష ఫలితాన్ని దాచకుండా చెప్పినవారికి ఇది కొంత రక్షణ. చెప్పినందుకు అసలు పాలసీయే ఇవ్వకపోతే మాత్రం దీనివలన ఉపయోగం లేదు.

ఇతర దేశాలలో

అమెరికాలో ఈ విషయం జన్యు పరీక్షలు సామాన్యం కాక ముందే మొదలైనది. 1970 దశకంలో నల్లజాతీయులలో సికిల్ సెల్ పరీక్షలు పెద్ద ఎత్తున జరిగినపుడు, జబ్బు లేకుండా ఆ జన్యువును కేవలం మోస్తున్న ఆరోగ్యవంతులను కూడా కొన్ని సంస్థలు రోగులుగా లెక్కించి ఎక్కువ ప్రీమియం అడిగినవి, ఉద్యోగాలు నిరాకరించినవి. ఆ అనుభవం తరువాతి చట్టాలకు పునాది అయినది. 2008 మే 21న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన జన్యు సమాచార వివక్ష నిరోధక చట్టం (జినా) ఆరోగ్య బీమాలోను, ఉద్యోగాలలోను జన్యు సమాచారం వాడకాన్ని నిషేధించినది. ఈ చట్టం కుటుంబ వైద్య చరిత్రను కూడా జన్యు సమాచారంగానే పరిగణిస్తుంది. అయితే జీవిత బీమా, వైకల్య బీమా, దీర్ఘకాల సంరక్షణ బీమా దీని పరిధిలో లేవు. 2020లో ఫ్లోరిడా రాష్ట్రం తన సొంత చట్టంతో నిషేధాన్ని జీవిత బీమాకూ విస్తరించినది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు "జినా ఉన్నది కదా" అని ధీమాగా పరీక్షలు చేయించుకునే ముందు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది. జీవిత బీమా దరఖాస్తులో అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పే హక్కును ఆ చట్టం ఇవ్వదు.

బ్రిటన్ చట్టం చేయకుండా ఒప్పందంతో పని నడుపుతున్నది. ప్రభుత్వానికి, బీమా సంస్థల సంఘానికి మధ్య 2001 నుండి ఉన్న అవగాహన 2018లో ఒక నియమావళిగా రూపొందినది. దాని ప్రకారం ముందుగా చెప్పే జన్యు పరీక్షల ఫలితాన్ని అడగడానికి ఉన్న ఏకైక సందర్భం, 5 లక్షల పౌండ్లకు మించిన జీవిత బీమాలో హంటింగ్టన్ వ్యాధి పరీక్ష. కెనడా 2017లో నేర శిక్షలతో కూడిన చట్టం చేసినది. ఎవరినైనా జన్యు పరీక్ష చేయించుకోమని గాని, ఫలితం చూపమని గాని ఒత్తిడి చేయడం నేరం. ఇది రాష్ట్రాల అధికారంలోనికి చొరబడడమేనని క్యూబెక్ సవాలు చేయగా, 2020 జూలై 10న ఆ దేశ సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్ని నిలబెట్టినది. ఆస్ట్రేలియాలో సంస్థలే 2019 నుండి పరిమిత స్వీయ నిషేధం పాటించగా, అది చాలదని గ్రహించిన ప్రభుత్వం చట్టపరమైన నిషేధం తెస్తామని 2024లో ప్రకటించినది.

బయోమెట్రిక్ సమాచారం

వేలిముద్ర, ముఖం, కంటిపాప ప్రధానంగా మనిషిని గుర్తించడానికి వాడేవి. జన్యువులు జబ్బు గురించి కూడా చెబుతాయి. రెంటికీ సామ్యం ఒక్కటే: సంకేతపదం పోతే మార్చుకోవచ్చును, వేలిముద్రను మార్చుకోలేము.

భారతదేశంలో 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు వైద్య రికార్డులను, బయోమెట్రిక్ సమాచారాన్ని సున్నితమైన సమాచారంగా పేర్కొన్నవి. విచిత్రమేమంటే ఆ నియమాలలో డీఎన్‌ఏ ప్రస్తావన గుర్తింపు సాధనంగా, బయోమెట్రిక్ నిర్వచనంలో మాత్రమే వస్తుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆధార్ తీర్పు, ప్రైవేటు సంస్థలు ఒప్పందం ఆధారంగా ఆధార్ అడిగే వీలును తొలగించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతిని కేంద్రంగా చేసుకున్నది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించినపుడు, ముఖ్య బాధ్యతలు 18 నెలల తరువాత అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేశారు. ఐరోపా చట్టం జన్యు, బయోమెట్రిక్ సమాచారాలను ప్రత్యేక వర్గంగా ఉంచి ఎక్కువ రక్షణ ఇవ్వగా, భారత చట్టం సమాచారాలన్నింటినీ ఒకే గాట కట్టినది. ఫోను నంబరుకూ జన్యు నివేదికకూ తేడా లేకపోవడం ఈ చట్టంలోని బలహీనత. పాలసీ కావాలంటే సంతకం పెట్టి తీరవలసిన ఫారంలోని సమ్మతిని ఎంతవరకు స్వేచ్ఛా సమ్మతి అనవచ్చునన్నది మరో ప్రశ్న.

ప్రభుత్వ ఆరోగ్య పథకాలలో సమస్య వేరే రూపంలో వస్తుంది. కూలి పని, వ్యవసాయం చేసేవారికి, వృద్ధులకు వేలి గీతలు అరిగిపోయి యంత్రం గుర్తించదు. ఆధార్ కేసు విచారణలో, గుర్తింపు విఫలమైనంత మాత్రాన అర్హులకు ప్రయోజనం నిరాకరించబోమని కేంద్ర ప్రభుత్వం కోర్టుకు హామీ ఇచ్చినది.

బయోమెట్రిక్ సమాచారం బీమాకు మరో వైపు నుండి కూడా తగులుతుంది. సమాచారం దుర్వినియోగం చేసిన వ్యాపారి తానే బాధ్యతా బీమా కింద పరిహారం అడిగితే? అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే బయోమెట్రిక్ గోప్యత చట్టం చేసినది. అనుమతి లేకుండా తన వేలిముద్రను వేరొక సంస్థకు ఇచ్చారని ఒక వినియోగదారు ఒక టానింగ్ సెలూనుపై దావా వేయగా, ఆ సెలూనుకు బీమా ఇచ్చిన వెస్ట్ బెండ్ మ్యూచువల్ సంస్థ, సమాచారాన్ని ఒక్కరికే ఇవ్వడం "ప్రచురణ" కాదు కనుక తమకు బాధ్యత లేదన్నది. 2021 మే 20న ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, ఒక్కరికి ఇచ్చినా ప్రచురణే అని, సెలూను తరఫున కేసు నడిపించే బాధ్యత బీమా సంస్థదేనని తీర్పు చెప్పినది. ఈ తీర్పు తరువాత అమెరికాలో పలు సంస్థలు తమ వాణిజ్య పాలసీలలో బయోమెట్రిక్ మినహాయింపులను స్పష్టంగా రాయసాగినవి.

కృత్రిమ మేధ

నిషేధించిన సమాచారాన్ని అడగకుండానే ఊహించగల శక్తి కృత్రిమ మేధ ప్రత్యేకత. జన్యు పరీక్ష ఫలితం అడగరాదని చట్టం ఉన్నా, కొనుగోళ్ళు, నివాస ప్రాంతం, చేతి గడియారం లెక్కించిన అడుగులు, గుండె వేగం కలిపి చూసి దాదాపు అదే నిర్ణయానికి రావచ్చును. దీనిని ప్రతినిధి వివక్ష అనవచ్చును: లింగం బదులు మరొకటి, కులం బదులు ఇంటిపేరు, జన్యువు బదులు ఊరు. 2011లో ఐరోపా న్యాయస్థానం టెస్ట్-అషా కేసులో స్త్రీ పురుషులకు వేరు వేరు ప్రీమియం చెల్లదని తీర్పు ఇచ్చి, 2012 డిసెంబరు 21 నుండి అమలు చేయించినది. సంస్థలు నేరుగా లింగాన్ని వదలివేసినా, లింగంతో ముడిపడిన ఇతర వివరాల సంగతి తేలలేదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021లో దీనిపై నేరుగా చట్టం చేసినది. బయటి నుండి కొన్న సమాచారం, దానిపై నడిచే గణన పద్ధతులు జాతి, లింగం వంటి వాటిని బట్టి అన్యాయమైన తేడాకు దారితీయడం లేదని సంస్థలే పరీక్షించి చూపవలెను. 2024 నాటి ఐరోపా కృత్రిమ మేధ చట్టం జీవిత, ఆరోగ్య బీమాలో వ్యక్తుల ముప్పు అంచనా, ప్రీమియం నిర్ణయాలకు వాడే వ్యవస్థలను అధిక ప్రమాద వర్గంలో చేర్చినది. వైద్యపరంగా అవసరం లేదనే కారణంతో చికిత్స నిరాకరించే నిర్ణయం లైసెన్సు ఉన్న వైద్యుడు లేక తగిన ఆరోగ్య నిపుణుడే తీసుకోవలెనని, యంత్రానికి వదలరాదని కాలిఫోర్నియా 2024లో శాసించినది. 2025 జనవరి 1 నుండి ఇది అమలులో ఉన్నది.

భారతదేశంలో ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆరోగ్య బీమా ఆదేశాలలో రెండు అంశాలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది. నగదు రహిత చికిత్సకు అనుమతి అభ్యర్థనపై ఒక గంటలోగా, ఇంటికి పంపే సమయంలో తుది అనుమతిపై మూడు గంటలలోగా నిర్ణయం చెప్పవలెనన్నది ఒకటి. క్లెయిము సమీక్షా సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించరాదన్నది మరొకటి. మొదటిది రోగికి మేలే, కాని అంత తక్కువ సమయంలో నిర్ణయం కావాలంటే సంస్థలు యంత్రంపై ఆధారపడక తప్పదు. రెండోది మనిషి చేతిలో చివరి మాట ఉంచుతుంది. యంత్రం ఎర్రజెండా చూపిన క్లెయిమును సంఘం చదివి నిర్ణయిస్తున్నదా, ముద్ర వేసి పంపుతున్నదా అన్నదానిపై పాలసీదారు అదృష్టం ఆధారపడి ఉంటుంది. తిరస్కరణకు కారణాన్ని పాలసీ నిబంధనతో సహా లిఖితంగా తెలుపవలసిన బాధ్యత సంస్థపై ఉన్నది. "గణన పద్ధతి అలా చెప్పినది" అన్నది వినియోగదారుల కమిషను ముందు నిలిచే కారణం కాదు.

కుటుంబం, సమూహం

జన్యు సమాచారం ఒక్కరిది కాదు. అన్నకు చేసిన పరీక్ష తమ్ముడి గురించి కూడా కొంత చెబుతుంది, తమ్ముడు ఏ ఫారంపైనా సంతకం పెట్టి ఉండడు. వ్యక్తి సమ్మతిపై ఆధారపడిన చట్టాలకు ఇది మింగుడుపడని సంగతి. ఇంటి దగ్గర నుండే ఉమ్మి నమూనా పంపి పరీక్ష చేయించుకునే 23అండ్‌మీ అనే అమెరికా సంస్థ నుండి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటకు పోయినవి. వీరిలో అత్యధికులు బంధువులను వెదికే సౌకర్యం ద్వారా ఇతరుల ఖాతాలతో ముడిపడినందున చిక్కుకున్నవారే. ఆ సంస్థ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరినపుడు, వినియోగదారుల జన్యు సమాచారం అమ్మకానికి ఉన్న ఆస్తులలో ఒకటి అయినది.

భారతదేశంలో తరతరాలుగా ఒకే శాఖలో, ఒకే కులంలో పెళ్ళిళ్ళు చేసుకోవడం వలన కొన్ని జన్యు మార్పులు కొన్ని సమూహాలలో ఎక్కువగా కనబడతాయి. తెలుగు ప్రాంతంలోని వైశ్యులలో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఎక్కువన్నది వైద్యులకు చాలాకాలంగా తెలిసినదే; శస్త్రచికిత్స సమయంలో ఇచ్చే ఒక కండర సడలింపు మందు వీరిలో కొందరికి ఎక్కువసేపు పనిచేస్తుంది. మత్తు వైద్యునికి ముందే తెలిస్తే ప్రాణరక్షణకు పనికివచ్చే సమాచారమిది. ఇటువంటి సమాచారమే బీమా సంస్థ లెక్కల యంత్రంలో ఇంటిపేరుకు ముడిపడితే, పరీక్ష చేయించుకోని, లోపం లేని మనిషి కూడా ఆ లెక్కలోనికి వస్తాడు. పదివేల మంది భారతీయుల జన్యుపటాలను సేకరించిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చారు. డీఎన్‌ఏ సమాచారం వాడకాన్ని నేర పరిశోధన, గుర్తింపు అవసరాల కోసం క్రమబద్ధం చేయడానికి 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లును 2023 జూలైలో ప్రభుత్వం ఉపసంహరించుకున్నది. ఆ బిల్లులోనూ బీమా ప్రస్తావన ప్రధానాంశం కాదు.

2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాలలో, ముఖ్యంగా గిరిజన ప్రాంతాలలో, 40 ఏళ్ళ లోపు వారు 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్ష ఫలితాన్ని తెలిపే కార్డులు ఇస్తున్నారు. పెళ్ళి సంబంధం కుదుర్చుకునే ముందు వధూవరులిద్దరూ జన్యువును మోస్తున్నవారా అని చూసుకోవడానికి అవి ఉద్దేశించినవి. జబ్బు ఉన్నవారిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించి రక్షణ ఇచ్చినది. ఏ జబ్బూ లేకుండా జన్యువును మాత్రమే మోస్తున్నవారు వికలాంగులు కారు కనుక ఆ చట్టం వారికి వర్తించదు. వారి చేతిలోని కార్డును బీమా ప్రతినిధి అడిగితే చూపనవసరం లేదని చెప్పే సెక్షను ఏ చట్టంలోనూ లేదు.